నాకు మొదట గుర్తుకొచ్చేది జో ఫ్రేజియర్

టీవీలో ప్రసారమైన పరుగు, ఈత, క్రికెట్ లాంటి పోటీల్లోకి దిగిన ప్రముఖుల్లో మరచిపోలేనివారు ఎవరు, ఎందుకు అని అడిగారు. నా జవాబు అమెరికా బాక్సరు జో ఫ్రేజియర్. ఆయన గెలవలేదు. ఈత పోటీ మధ్యలోనే విరమించుకున్నాడు. అయినా ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఆటలు నేర్పిన నాకు ఆయనే ముందు గుర్తుకొస్తాడు. ఎందుకో చెప్పాలంటే మా ఊరి కాలువ దగ్గర మొదలుపెట్టాలి.

నేను కోనసీమలో, పి.గన్నవరానికి దగ్గరలోని ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పని చేశాను. పిల్లలకు డ్రిల్లు టీచరుని. మా బడికీ కాలువకూ మధ్య ఒక గట్టు, నాలుగు కొబ్బరి చెట్లు, అంతే. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే నీళ్లు మా రేవు ముందు నుంచే పోతాయి. ఇక్కడి పిల్లలకు ఈత ఎవరు నేర్పారో కూడా గుర్తుండదు. నడుముకి ఎండిన సొరబుర్ర కట్టుకునో, అరటిబోదె పట్టుకునో, అన్న వెనకాల పడి దిగేస్తారు. అందరికీ ఈత వచ్చనే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక ఏడాది మెట్ట ప్రాంతం నుంచి తొమ్మిదో తరగతిలోకి ఒక అబ్బాయి వచ్చి చేరాడు. కబడ్డీలో అలాంటి పిల్లవాణ్ణి నేను అంతవరకూ చూడలేదు. కూతకు వెళితే ఊపిరి తెగదు, ముగ్గురు పట్టుకున్నా గీత దాకా ఈడ్చుకొచ్చేవాడు. నెల తిరక్కుండా బడిలో అందరికీ వాడంటే వెర్రి అభిమానం. ఒక సాయంత్రం ఆట అయిపోయాక జట్టంతా రేవులోకి దూకింది. వాడూ దూకాడు. తనకు ఈత రాదన్న మాట నోరు తెరిచి ఎవరికీ చెప్పలేదు. అంత బలం ఉన్నవాడికి రాదని ఎవరికీ తోచలేదు. వాడు మునగడం చూసింది గట్టు మీద బట్టలు ఉతుకుతున్న ఒక ఆవిడ. చీర కొంగు నడుముకి బిగించి దిగి, వాణ్ణి జుట్టు పట్టుకుని రేవు మెట్ల మీదకు లాగింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి వాడు బోర్లా పడుకుని నీళ్లు కక్కుతున్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. జట్టును ఆ రేవుకు పంపింది నేనే.

చాలా ఏళ్ల తరువాత ఇంట్లో కంప్యూటర్ వచ్చాక, ఆటల గురించి వెతుకుతుంటే ఫ్రేజియర్ కథ తెలిసింది. 1973లో అమెరికా టీవీలో సూపర్‌స్టార్స్ అనే పోటీ మొదలైంది. రెండుసార్లు ఒలింపిక్ స్వర్ణం గెలిచిన ఫిగర్ స్కేటింగ్ క్రీడాకారుడు డిక్ బటన్ ఆలోచన అది. వేరు వేరు ఆటల్లో పేరున్నవారిని ఒకచోట చేర్చి పరుగు, ఈత, సైకిలు, బరువులెత్తడం వంటి వాటిలో పోటీ పెట్టారు. ఒక్కటే గట్టి నియమం: ఎవరూ తమ సొంత ఆటలో దిగకూడదు. అంటే ఎంతటివాడైనా తనకు అంతగా పరిచయం లేని చోట నిలబడి తీరాలి.

ఫ్రేజియర్ అప్పటికి ప్రపంచం ఎరిగిన బాక్సరు. 1971లో మహమ్మద్ అలీని ఓడించినవాడు. 1973 జనవరిలోనే జార్జ్ ఫోర్‌మన్ చేతిలో కిరీటం పోగొట్టుకున్నాడు. ఆ తరువాత కొద్ది రోజులకే ఫ్లోరిడాలోని రోటోండాలో 50 మీటర్ల ఈతకు దిగాడు. మునిగిపోయేంత పని అయింది. పోటీ విరమించుకుని బయటికి వచ్చాక గాని తనకు ఈత రాదని వ్యాఖ్యాతలకు చెప్పలేదు. మరి ఎందుకు దిగావని అడిగితే, ప్రయత్నించి చూడకపోతే రాదని ఎలా తెలుస్తుంది అన్నాడట.

ఇది చదివి చాలామంది నవ్వుకుంటారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫ్రేజియర్ కూడా మా కుర్రవాడిలాగే దిగాడు. బలం ఉన్నవాడికి నీళ్లు లొంగుతాయని పక్కవాళ్లూ అనుకుంటారు, తనూ అనుకుంటాడు. నీటి సంగతి వేరు. కండ దిట్టంగా ఉండి కొవ్వు తక్కువగా ఉన్న ఒళ్లు తేలిగ్గా తేలదు. ఈత రానివాడు తల పైకెత్తి ఉంచాలని చూస్తాడు, తల లేచిన కొద్దీ కాళ్లు కిందికి దిగుతాయి. భయంతో ఊపిరి బిగబడతాడు, బిగబట్టిన కొద్దీ ఒళ్లు కొయ్యబారుతుంది. ఎంత బలంగా కొట్టుకుంటే అంత త్వరగా అలసిపోతాడు. కాలువలో అయితే దీనికి నీటి ఒరవడి కూడా తోడు. ఈత వచ్చినవాడు ఒరవడికి ఎదురెళ్లకుండా ఏటవాలుగా కింది రేవుకు చేరుకుంటాడు. రానివాడు దూకిన మెట్టు వైపే పోవాలని చూసి ఓడిపోతాడు.

ఫ్రేజియర్ ఆ తరువాత కెమెరాల ముందు తనకు రాదని చెప్పాడు. నిన్నమొన్నటి దాకా ప్రపంచ విజేతగా ఉన్న మనిషి, కోట్లమంది చూసే చోట ఆ మాట అనగలిగాడు. మా అబ్బాయికి పద్నాలుగేళ్లు, వాడి చుట్టూ ఉన్నది పదిమందే. వాడు చెప్పలేకపోయాడు. ఆ పదిమంది ముందు చెప్పడం ఎంత కష్టమో నేను ముందే గ్రహించి ఉండవలసింది.

వాడికి ఈత నేనే నేర్పాను. నెల రోజులు నీళ్లంటే దగ్గరికి రాలేదు. మోకాలి లోతులో మెట్టు మీద కూర్చోబెట్టి, ముఖం నీళ్లలో పెట్టి కూత పెట్టమన్నాను. కబడ్డీలో కూత అంటే ఊపిరిని కొంచెం కొంచెంగా వదలడమే కదా. ఈతలోనూ అంతే, నీటి లోపల ఊపిరి వదలాలి, తల తిప్పి పీల్చుకోవాలి. వాడు బుడగలతో కూత పెట్టాడు. మిగతా పిల్లలు గట్టు మీద నుంచి లెక్క పెట్టారు. ఆ రోజు వాడి భయం సగం పోయింది. తరువాత సొరబుర్ర, ఆ పైన వెల్లకిలా తేలడం, చివరికి చేతులు. దసరా సెలవులకు ముందే రేవు నుంచి రేవుకు ఈదాడు. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ బడి తెరిచిన మొదటి వారంలో ఒక్కొక్కరినీ విడిగా పిలిచి ఈత వచ్చా అని అడిగేదాన్ని. అందరి ముందూ అడిగితే ఎవరూ రాదని చెప్పరు.

ఇక మిగతావారి సంగతి. బ్రిటన్ సూపర్‌స్టార్స్‌లో 1976లో ఫుట్‌బాల్ ఆటగాడు కెవిన్ కీగన్ సైకిలు పందెంలో పక్కవాడి చక్రం తగిలి పడ్డాడు. వీపూ చేతులూ చెక్కుకుపోయాయి. అయినా మళ్లీ పందెంలో దిగాడు, మొత్తం పోటీ కూడా గెలిచాడు, ఆ తరువాత ఆసుపత్రి పాలయ్యాడు. అందరూ మెచ్చుకునే ఘట్టం ఇది. నేను కూడా మెచ్చుకుంటాను గాని, నా పిల్లవాడైతే ఆ రెండో పందెంలో దిగనిచ్చేదాన్ని కాదు. మ్యూనిక్ ఒలింపిక్స్‌లో జూడోలో కాంస్యం గెలిచిన బ్రయన్ జాక్స్ అదే కార్యక్రమంలో ఒక్క నిమిషంలో 100 సార్లు సమాంతర కడ్డీల మీద చేతుల బలంతో కిందికి దిగి పైకి లేచాడు. పిల్లలకు ఈ అంకె చెబితే నమ్మేవారు కాదు, వెంటనే పోయి కడ్డీలు పట్టుకునేవారు. పదికే చేతులు వణికేవి.

సినిమా, టీవీ తారల పోటీ అంటే మాత్రం 1976 నవంబరులో అమెరికాలో వచ్చిన బాటిల్ ఆఫ్ ది నెట్‌వర్క్ స్టార్స్ గురించి చెప్పి తీరాలి. మూడు టీవీ సంస్థలు తమ తమ నటీనటులతో జట్లు కట్టి మాలిబులోని పెప్పర్‌డైన్ విశ్వవిద్యాలయంలో పోటీ పడ్డాయి. ఎన్‌బీసీ జట్టుకు నాయకుడు రాబర్ట్ కాన్రాడ్. తెర మీద సాహస వీరుడు, ఫైట్లు తానే చేసేవాడు. ఏబీసీ నాయకుడు గేబ్ కాప్లన్ జనాన్ని నవ్వించే నటుడు. రిలే పరుగులో కాన్రాడ్ జట్టు ముందు వచ్చింది గాని, నియమం తప్పారని జరిమానా పడి విజయం ఏబీసీకి పోయింది. కాన్రాడ్‌కు కోపం ఆగలేదు. నాయకులిద్దరం వంద గజాలు పరుగెత్తి తేల్చుకుందాం అన్నాడు. కాప్లన్ సరేనన్నాడు.

మొదట ముందున్నది కాన్రాడే. సగం దూరం దాటేసరికి కాప్లన్ అతణ్ణి మించిపోయి, తేలిగ్గా గెలిచాడు. తరువాత తెలిసిందేమిటంటే, కాప్లన్ చిన్నతనంలో బేస్‌బాల్ ఆటగాడు కావాలని కష్టపడినవాడు. డ్రిల్లు టీచరు కంటికి ఆ పరుగులో కనిపించేది వేరు. మొదటి అడుగుల్లోనే ఉన్నదంతా ఖర్చు పెట్టేసేవాడు ఒకడు, అడుగు కుదుర్చుకుని వేగం పెంచుకునేవాడు ఇంకొకడు. సినిమాలో ఈ రెండోవాణ్ణి హాస్యగాడిగానే చూపిస్తారు. పరుగు గీత దగ్గర ఆ వేషాలు నిలబడవు.

ఆ కార్యక్రమంలో నాకు మరీ నచ్చింది ఇంకొకటి ఉంది. లిండా కార్టర్, ఫారా ఫాసెట్, పెన్నీ మార్షల్ వంటి నటీమణులు మగవారితో పాటు అదే జట్టులో పోటీ పడ్డారు. చివరి అంకంగా తాడు లాగుడు కూడా ఉండేది. సంక్రాంతికి మా బడి మైదానంలో జరిగే తాడు లాగుడులో ఆడపిల్లలను కలపడానికి నేను పెద్దలతో నాలుగేళ్లు వాదించవలసి వచ్చింది. వాళ్లను కలిపిన మొదటి ఏడాదే తాడు చివర కాలు తన్నిపెట్టి నిలబడ్డ పదో తరగతి అమ్మాయి వల్ల ఆ జట్టు గెలిచింది. రోజూ గడ్డి మోపులు మోసే పిల్ల.

మన దగ్గర సెలబ్రిటీ క్రికెట్ లీగ్ 2011లో మొదలైంది. అప్పుడు తెలుగు వారియర్స్‌కు నాయకత్వం వహించిన వెంకటేశ్‌కు 50 ఏళ్లు. ఆ వయసులో ఎండలో ఫీల్డింగ్ చేయడం ఎంత కష్టమో మోకాళ్ల నొప్పులున్న నాకు తెలుసు, అందుకే ఆయనంటే గౌరవం. బ్యాడ్మింటన్‌లో పేరు తెచ్చుకుని నటుడైన సుధీర్ బాబు కూడా ఆ జట్టుకు ఆడాడు. పాదాలు కదిపే తీరులోనే పాత ఆట తెలిసిపోతుంది. జట్టు 2015, 2016, 2017లో వరుసగా కప్పు గెలిచింది. 2023లో నాలుగోసారి గెలిచింది. ఆ ఏడాది ఒక్కో జట్టు పది ఓవర్ల చొప్పున రెండుసార్లు బ్యాటింగ్ చేసే పద్ధతి పెట్టారు. మార్చి 25న విశాఖపట్నంలో భోజ్‌పురి దబంగ్స్‌తో జరిగిన ఫైనల్లో అఖిల్ 32 బంతుల్లో 67 పరుగులు చేశాడు. తప్పిన బంతికి రెండో టేకు లేని చోట నిలబడి చేసిన పరుగులవి. తండ్రి, తాతల పేర్లు క్రీజులో పనికిరావు. ఆ రోజు మా ఇంట్లో ఎంత అరిచామో పక్కింటివాళ్లు చెప్పగలరు.

ఒక్క వెలితి చెప్పుకోవాలి. ఈ లీగులో మన నటీమణులు జెర్సీ వేసుకుని ప్రచారం చేశారు, గ్యాలరీలో చేతులు ఊపారు, మైదానంలో మాత్రం కనిపించలేదు. అమెరికాలో 1976లోనే జరిగిన పని ఇక్కడ ఎందుకు జరగకూడదు? ఎవరైనా నిర్మాతలు ఈ జవాబు చదివితే నటీమణులతో కబడ్డీ పోటీ పెట్టండి. శిక్షణ ఇవ్వడానికి నేను సిద్ధం, జీతం అక్కరలేదు.

మా కబడ్డీ అబ్బాయికి ఇప్పుడు నలభై దాటాయి. విశాఖలో ఉద్యోగం. ఆ ఫైనల్ రోజు స్టేడియం నుంచి నాకు ఫోను చేశాడు. ఆ గోలలో ఒక్క ముక్క వినబడలేదు, ఇంటికి వెళ్లాక మళ్లీ చేశాడు. మ్యాచ్ గురించి రెండు మాటలు చెప్పి, కూతురికి ఎనిమిదేళ్లు వచ్చాయనీ, ఇంకా ఈత రాదనీ, ఊళ్లో ఉన్న ఈత కొలనుకు తీసుకెళితే గట్టు వదలడం లేదనీ చెప్పాడు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి జూన్‌లో నీళ్లు వదిలాక తీసుకురమ్మన్నాను. పెరట్లో సొరకాయ ఒకటి కోయకుండా పాదుకే వదిలేశాను. అది ఎండే దాకా ముఖం నీళ్లలో పెట్టి కూత పెట్టడం ఇంట్లో బకెట్లో నేర్పమని వాడికే చెప్పాను.