సింగపూర్ వెళ్తున్న మేనకోడలికి

సాహితీ,

ఐపీఏ లెటర్, అదే నీకు ఉద్యోగ పాస్ ఇస్తామని సింగపూర్ ప్రభుత్వం ముందుగా పంపే ఆమోదం, వచ్చిందని అక్క ఫోన్‌లో చెప్పింది. స్వీట్లు పంచడం అయ్యాక ఆ లెటర్‌ని తీరిగ్గా చదువు. అందులో వేసిన నెల జీతం, నీ ఆఫర్ లెటర్‌లో ఉన్నది ఒకటేనా చూడు. తేడా ఉంటే ఇక్కడ ఉండగానే కంపెనీని అడిగెయ్. అక్కడ దిగాక అడగడానికి నోరు రాదు.

రెండేళ్లకని వెళ్లి పదకొండేళ్లు ఉన్నవాణ్ణి నేను. ఎంప్లాయ్‌మెంట్ పాస్, అంటే అక్కడ ఉద్యోగం చేసుకోనిచ్చే కార్డు, దాని మీద నీ ఫొటో ఉన్నా, అది నీది కాదు, ఉద్యోగానిది. ఉద్యోగం పోతే కంపెనీ దాన్ని రద్దు చేయిస్తుంది. ఆ తర్వాత సర్దుకోవడానికి ఇచ్చేది సాధారణంగా 30 రోజులు. పైగా అక్కడ మనలా నెలనెలా జీతంలో టీడీఎస్ కొయ్యరు. చేతికి మొత్తం వస్తుంది, పన్ను బిల్లు మరుసటి ఏడాది వస్తుంది. మొదటి ఏడాది ఆ డబ్బంతా నాదే అనుకుని ఖర్చుపెట్టేశాను. బిల్లు చూశాక రెండు రోజులు అన్నం సయించలేదు. ఉద్యోగం మానేసేటప్పుడు కూడా పన్ను లెక్క తేలేదాకా ఆఖరి జీతం ఆపుతారు. అందుకని మూడు నెలల ఖర్చు ఎప్పుడూ అక్కడి బ్యాంకులోనే ఉంచు. మిగిలిందే ఇంటికి. వెళ్లాక ఇక్కడి నీ సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకో, పంపే డబ్బుకు ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరువు. రెండూ విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఖాతాలే.

ఇక గది. నీ జీతానికి హెచ్‌డీబీ ఫ్లాట్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ హౌసింగ్ బోర్డు కట్టిన ఫ్లాట్‌లో, ఒక గది చాలు. ఆరు నెలలకు తక్కువ అయితే అద్దెకివ్వడానికి రూల్ ఒప్పుకోదు, తెలిసినవాళ్లని నోటిమాట మీద దిగొద్దు. నేను అలాగే దిగాను. యజమాని బోర్డు దగ్గర నా పేరు నమోదు చేయించలేదు, నాలుగో నెలలో రాత్రికి రాత్రి ఖాళీ చేయమన్నాడు, డిపాజిట్ తిరిగిరాలేదు. అగ్రిమెంట్ రాయించుకో, దాని మీద స్టాంప్ డ్యూటీ కట్టించు.

ప్రకటనల్లో ‘లైట్ కుకింగ్’ అని ఉంటుంది. అంటే ఏమిటో ముందే అడుగు. నూడుల్స్ ఉడకబెట్టుకోవడమా, ఎండుమిరపకాయల పోపు పెట్టుకోవచ్చా? సిగ్గుపడకుండా ఆ మాటే అడుగు. ఏ బ్లాకులోనూ ఒకే జాతివాళ్లు గుంపుగా చేరకుండా 1989 నుంచి కోటా ఉంది. కాబట్టి నీ వరండాలో ఒక తలుపు చైనీయులది, ఒకటి మలయ్‌వాళ్లది అవుతుంది. వాసనలన్నీ అందరివీ. పక్కింటి కూర వాసన మీద తగువు పేపర్లకెక్కితే, 2011 ఆగస్టులో ఒక ఆదివారం రకరకాల జాతుల వాళ్లు కావాలని కూర వండుకున్నారు. అంత మంచి ఊరు అది. అయినా అర్ధరాత్రి పోపు పెట్టకు.

హాకర్ సెంటర్‌లో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే చోట, ఖాళీ బల్ల మీద టిష్యూ పొట్లం కనిపిస్తే ఎవరో మరిచిపోయారనుకోకు. అది మన బస్సు సీటు మీద వేసే తువ్వాలు. నేను ఆ టిష్యూతోనే చేతులు తుడుచుకున్నాను, ఆ తర్వాతి సంగతి రాయను. తిన్నాక ట్రే నువ్వే తీసి పెట్టాలి. పెద్దవాళ్లను అంకుల్, ఆంటీ అంటే చాలు, మన అలవాటే. పాలు లేని, పంచదార లేని కాఫీ కావాలంటే ‘కోపీ ఓ కోసోంగ్’ అను. ఆగస్టు ప్రాంతంలో చైనీయులు నేల మీద నైవేద్యాలు పెట్టి కాగితాలు కాలుస్తారు. మన మహాలయ పక్షంలాంటిదే, పొరపాటున కూడా తొక్కకు.

ఆదివారం లిటిల్ ఇండియాకు వెళ్తే వర్క్ పర్మిట్ మీద వచ్చిన మనవాళ్లు కనిపిస్తారు, కట్టడాల పనుల్లో ఉండేవాళ్లు. వాళ్ల కార్డు వేరు, బతుకు వేరు. చూసీ చూడనట్టు తప్పుకునే మన ఆఫీసువాళ్లు చాలామంది ఉన్నారు, నాకు అది నచ్చదు. నువ్వు పలకరించు. వారమంతా తెలుగు వాట్సాప్ గ్రూపులోనే బతకడం కూడా నచ్చదు. మరీ అలాగైతే హైదరాబాద్‌లోనే ఉండొచ్చు.

అక్క సామాను సర్దేటప్పుడు పక్కనే ఉండు. మసాలాకని గసగసాలు పెడుతుంది. అవి సింగపూర్‌లో నిషిద్ధం, తీసెయ్. దగ్గుమందు సీసాల్లో కోడైన్ ఉన్నవీ వద్దు. ఆవకాయ గట్టిగా మూతపెట్టించి చెకిన్ బ్యాగులో వెయ్యి. కరెంటు కుక్కర్ మొయ్యకు, మన ప్లగ్గు అక్కడ పట్టదు.

అక్కడ రాత్రి తొమ్మిదైతే మాకు ఆరున్నర. ఆదివారం ఆ టైముకే ఫోన్ చెయ్. ఏడు దాటితే మీ అత్తయ్య సీరియల్ ముందు కూర్చుంటుంది, ఫోన్ నాకూ ఇవ్వదు.

మావయ్య