వాచీ కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి అబ్బయ్యకు మామయ్య ఆశీస్సులు.

అలకపాన్పు మీద వాచీ అడగనని, నీ జీతంతో నువ్వే కొనుక్కుంటానని అన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్తుంటే కడుపు నిండిపోయింది. అల్లుడికి వాచీ, సైకిలు పెట్టడానికి ఆడపిల్ల తండ్రులు అప్పులు చేసిన రోజులు నేను చూశాను. నువ్వు ఆ మాట అన్నావంటే మీ అమ్మ పెంపకం ఊరికే పోలేదు.

కానీ అదే ఫోన్లో ఇంకో సంగతి చెప్పింది. 44 మిల్లీమీటర్ల ఆటోమేటిక్, అదే చెయ్యి కదలికకే కీ ఎక్కే వాచీ, చూసి పెట్టుకున్నావని, పెళ్ళయ్యాక ఇద్దరూ అండమాన్ పోతున్నారని, ఆ వాచీతోనే సముద్రంలో దిగుతానన్నావని. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళు వాచీలు విప్పిన చేతులు నావి, చెప్పకుండా ఉండలేను.

ముందు సైజు. నీది మీ నాన్న మణికట్టు, సన్నం. 44 దాని మీద పళ్ళెం బోర్లించినట్టుంటుంది. 36 నుంచి 39 లోపు చూడు. అసలు చూడాల్సింది డయల్ వెడల్పు ఒక్కటే కాదు, పైనుంచి కిందికి పొడుగు. బెల్టు తగిలించే కొసలు మణికట్టు అంచు దాటి గాల్లో నిలబడితే ఆ వాచీ నీది కాదు. ఫోన్‌తో దగ్గర నుంచి ఫోటో తీసి చూసుకోకు, అందులో ఉన్నదానికంటే పెద్దదిగా పడుతుంది. నిలువుటద్దం ముందు చెయ్యి మామూలుగా వదిలేసి చూసుకో. నువ్వుండే బెంగుళూరులోనే 1961లో జపాన్ సిటిజన్ వాళ్ళ సాయంతో హెచ్ఎంటీ వాచీలు మొదలయ్యాయి. వాళ్ళ జనతా మోడల్ 35 మిల్లీమీటర్లే. మన అంగడికి వచ్చే ఆరడుగుల రైతులు కూడా అదే పెట్టుకునేవాళ్ళు. ఎవరి చేతికీ అది చిన్నదనిపించలేదు.

బిల్లు, ముద్ర వేసిన వారంటీ కార్డు లేకుండా కొనొద్దు. ఫస్ట్ కాపీల జోలికి అసలు పోవద్దు. పెద్ద కంపెనీ పేరున్న దొంగ వాచీ కంటే చిన్న కంపెనీ సొంత వాచీ పెట్టుకున్న చెయ్యే అందంగా ఉంటుంది. ఇది నా గట్టి నమ్మకం.

ఆటోమేటిక్ నీకెందుకని అడగను, దాని ముచ్చట నాకు తెలుసు. సెల్లు వాచీలో క్వార్ట్జ్ రాయి సెకనుకు 32,768 సార్లు కొట్టుకుంటుంది, టైము విషయంలో దాన్ని ఏ ఆటోమేటిక్కూ అందుకోలేదు. రోజుకు కొన్ని సెకన్లు అటూ ఇటూ అయినా నీకు పర్వాలేదంటే తీసుకో. రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 దాకా మాత్రం తేదీ మార్చకు. ఆ వేళలో తేదీ పళ్ళు పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి.

ఇక సముద్రం. ఇది మీ నాన్నే నీకు చెప్పాల్సిన కథ. చెప్పి ఉండడు.

మా నాన్న, అంటే మీ తాతయ్య, అలకపాన్పు మీద మీ నాన్నకు వాచీ పెట్టాడు. కీ ఇచ్చే వాచీ, తెల్ల డయల్, బంగారు రంగు ముళ్ళు. వెనక మూత మీద వాటర్‌ప్రూఫ్ అని చెక్కి ఉంది. ఆ కార్తీక పౌర్ణమికి అందరం మైపాడు బీచికి పోయాం. వాచీ తీసి ఇవ్వు బావా అంటే, రాసుంది కదరా అని మూత తిప్పి చూపించి దిగిపోయాడు. కీ అంతకుముందే లాగి టైము సరిచేసుకున్నాడు, పూర్తిగా లోపలికి నొక్కలేదు. బయటికి వచ్చేసరికి అద్దం కింద ఆవిరి పట్టింది. టవల్‌తో తుడిచి ఎండలో పడవ అంచు మీద పెట్టాడు. మధ్యాహ్నానికి ఆవిరి పోయింది, వాచీ నడుస్తోంది. చూశావా ఏం కాలేదు అని మళ్ళీ చేతికి పెట్టుకున్నాడు.

ఆవిరి పోతే నీళ్ళు పోయినట్టు, అంతే. ఉప్పు ఎక్కడికీ పోదు. నెల తిరక్కుండానే వాచీ ఆగింది. మూత తీస్తే కీ పుల్ల తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. వెంట్రుకంత సన్నగా ఉండే స్ప్రింగ్ మీద ఎర్రటి మరకలు, చుట్టలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఆ సాయంత్రమే తెచ్చి ఉంటే మిషన్ విప్పి, పెట్రోల్లో కడిగి, ఆరబెట్టి, నూనె వేసి ఇచ్చేవాళ్ళం. పెట్టిన వాచీ ఏదల్లుడూ అని మీ తాతయ్య అడిగితే రిపేరులో ఉందని ఎన్నాళ్ళో చెప్పుకొచ్చాడు మీ నాన్న. ఆ పెద్దాయన మళ్ళీ అడగడం మానేశాడు.

అందుకే చెప్తున్నా. 30 మీటర్లు అని రాసుంటే 30 మీటర్ల లోతుకు దిగొచ్చని కాదురా. చెయ్యి కడిగినప్పుడు, చిన్న వానలో చుక్కలు పడినప్పుడు తట్టుకుంటుందని. ఈతకు కనీసం 100 ఉండాలి, కీ మరతో బిగించేదైతే మరీ మంచిది. నీళ్ళలో ఉండగా కీ ముట్టుకోకు. బయటికి రాగానే మంచినీళ్ళతో కడుగు. లోపలుండే రబ్బరు వాషర్ ఏళ్ళు గడిస్తే ఎండిపోతుంది, మూత తీసిన ప్రతిసారీ అది చూడమని అడుగు. అద్దం కింద పొగ కనిపిస్తే ఎండలో పెట్టొద్దు, బియ్యంలో పెట్టొద్దు. అదే రోజు మెకానిక్ దగ్గరికి పో. అండమాన్‌కైతే ఒక చవక రబ్బరు బెల్టు వాచీ కొనుక్కో, డబ్బు నేనిస్తాను.

పెళ్ళి ఒంగోల్లో, అదీ మే నెలలో. పీటల మీద వాచీ వద్దు. తలంబ్రాల పసుపు తోలు బెల్టుకు అంటితే వదలదు. రిసెప్షన్‌కు పెట్టుకో, బెల్టు రంగు బూట్ల రంగుకు దగ్గరగా ఉండేలా చూసుకో. ఆ తర్వాత రోజూ పెట్టుకోవడానికి స్టీల్ చైన్ వెయ్యి. మన చెమటకు తోలు నిలవదు, వాసనొస్తుంది.

డబ్బు కట్టకముందు ఫోటోలు పంపు. డయల్‌ది ఒక్కటే కాదు, వెనక మూతది కూడా, అక్షరాలు చదవగలిగేట్టు. చైన్ లింకులు అక్కడ తీయించొద్దు. లగ్నపత్రికకు నెల్లూరు వస్తావుగా, నీ చేతి మీద చూసి నేనే తీస్తాను.

మీ మామయ్య