జోర్హాట్ చాంగ్ బంగ్లాలో దిగేముందు

చిరంజీవి మేనకోడలికి దీవెనలు.

అమ్మాయ్, అస్సాం తేయాకు తోటలో పాత దొరల బంగ్లా చూసుకున్నావు, సంతోషం. ముందు తేదీ మార్చు. మీరనుకున్న జనవరిలో చెట్లు కొమ్మలు కొట్టేసి మోడులుగా ఉంటాయి, ఫ్యాక్టరీ మూసేస్తారు. జూన్‌లో ఆకు అద్భుతం, అస్సాం టీకి పేరు తెచ్చిన చిక్కదనం ఆ రెండో కోతదే. కానీ వానలకు కాజీరంగ జాతీయ పార్కు మూసి ఉంటుంది, జలగలూ ఎక్కువ. పిల్లలకు ఖడ్గమృగమూ చూపాలి, మిషన్లూ తిరుగుతుండాలి అంటే ఏప్రిల్, లేదా నవంబర్ మొదటి పక్షం. నన్నడిగితే ఏప్రిల్.

గువాహటి నుంచి జోర్హాట్ సుమారు 300 కిలోమీటర్లు, కారులో ఆరేడు గంటలు. విమానం మధ్యాహ్నం దిగితే ఆ రాత్రి గువాహటిలోనే పడుకోండి. అక్కడ మనకంటే చాలా ముందే చీకటి పడుతుంది, నవంబర్‌లో నాలుగున్నరకే. కాజీరంగ పక్కన రోడ్డు మీదికి రాత్రిపూట జంతువులు వస్తాయి.

చాంగ్ బంగ్లా అంటే స్తంభాల మీద లేపి కట్టిన ఇల్లు. చెమ్మ, వరద, పాములు లోపలికి రాకుండా అలా కట్టారు. అంటే మెట్లు తప్పవు. మీ అత్తగారి మోకాళ్ల సంగతి చెప్పి, కింద గది ఉందేమో బుక్ చేసేటప్పుడే కనుక్కో. నేల చెక్కది, ఒకరు నడిస్తే ఇల్లంతా వినిపిస్తుంది. మెత్తటి చెప్పులు తీసుకెళ్లు. జనరేటర్ ఏ వేళల్లో నడుపుతారో, గీజర్ దాని మీద పనిచేస్తుందో లేదో కూడా అడుగు.

రాత్రికి ఏం కావాలో పొద్దున టిఫిన్ దగ్గరే వంటమనిషికి చెప్పాలి, సరుకు దూరం నుంచి రావాలి కదా. చేపలు కూడా వద్దని విడిగా చెప్పు, లేకపోతే శాకాహారమంటే మాంసం మాత్రమే మానేస్తారేమో. కందిపొడి, ఆవకాయ సర్దుకో.

చాలా తోటల్లో గడియారం ఒక గంట ముందుంటుంది, దాన్ని బాగాన్ టైమ్ అంటారు. "ఏడింటికి రండి" అంటే ఏ ఏడో తేల్చుకో. ఫ్యాక్టరీకి పొద్దున్నే వెళ్లాలి: ముందురోజు కోసిన ఆకును రాత్రంతా వాడ్చి, తెల్లవారుజామున మిషన్లకెక్కిస్తారు. సెలవు మర్నాడు వెళ్తే ఆకే ఉండదు, ఎక్కువగా ఆదివారం సెలవు. కిలో టీకి నాలుగు నాలుగున్నర కిలోల పచ్చాకు పడుతుంది. సెంటు పూసుకోవద్దు, టీ ఏ వాసననైనా పీల్చేస్తుంది. చున్నీ మిషన్లకు తగలకుండా బిగించి కట్టుకో. గాలిలో టీ నూగు ఎగురుతుంది, ఉబ్బసం ఉన్నవాళ్లు బయటే ఉండాలి.

చెట్ల వరుసల మధ్య మురుగు కాలవలు లోతుగా ఉంటాయి, ఆకు కప్పేసి కనిపించవు. వాటిల్లో చిరుతలు పిల్లలు పెడతాయి. చౌకీదారు లేకుండా సందెవేళ లోపలికి వెళ్లకండి. పిల్లల్ని ఆకు తుంచి నమలనివ్వకు, మందు కొట్టి ఉంటారు. కోసేవాళ్లకు ఆకు తూకాన్ని బట్టి లెక్క, ఆపి ఫొటోలకు నిలబెట్టడం తప్పు. పూర్వం గంజాం, విశాఖ వైపు నుంచి తోటపనికి వెళ్లిన తెలుగువాళ్ల మనవలూ వాళ్లలో ఉన్నారు, మర్యాదగా పలకరించు.

టీ కొనేటప్పుడు తయారైన నెల అడుగు. మన పాల టీకి సీటీసీ (మిషన్లో నలిపి గింజలుగా చేసిన టీ), అందులో గింజ పెద్దదైన బీపీ రకం చాలు. ఆర్థడాక్స్, అంటే ఆకును చుట్టి చేసిన టీ, పాలు లేకుండా తాగడానికి: పొయ్యి మీంచి దించిన వేడినీళ్లలో మూడు నిమిషాలు నాననివ్వు. గుడ్డ సంచిలో కాదు, రేకు పొట్లంలోనే కట్టించు.

మీ మావయ్య