ఏడాదిన్నర బాబు ‘అమ్మ’, ‘తాత’ తప్ప ఏమీ అనడం లేదు. టెన్షన్ పడాలా? (కావలి, నెల్లూరు జిల్లా)

ముందు మాటలు లెక్కపెట్టడం ఆపి, బాబుకు ఎంత అర్థమవుతోందో చూడండి. ‘చెప్పులు తీసుకురా అబ్బయ్యా’ అంటే తెస్తున్నాడా? కావలి స్టేషన్లో రైలు కనబడితే వేలు చూపించి, మీరూ చూశారా అని మీ మొహంలోకి చూస్తున్నాడా? అలా అయితే మాట్లాడటం మొదలైనట్టే. ‘అవును, రైలు! పెద్ద రైలు!’ అని కాసేపు ఆగండి. ఆ ఖాళీలోనే వాడు ‘కూ’ అనో, ‘ఐలు’ అనో బదులిస్తాడు. చాలామంది ఆ ఆగడమే మర్చిపోతారు.

పిలిచినా తిరక్కపోయినా, వేలు చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా, రెండేళ్లకు ‘అమ్మా దా’ లాంటివి రాకపోయినా ‘మగపిల్లలకు ఆలస్యమేలే’ అని ఊరుకోవద్దు. మొదట చెవి పరీక్ష చేయించండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల ఉచితంగానే చూస్తారు; అంగన్‌వాడీలో అడగండి.