సంతకం తేదీ పక్కన సభ తేదీలు పెట్టుకో

నెల్లూరు, దర్గామిట్ట

చిరంజీవినికి దీవెనలు.

కందుకూరు నుంచి నువ్వు పంపిన వ్యాసం అందింది. అమెరికాతో మన దేశం చేసుకున్న మూడు రక్షణ ఒప్పందాల మీద ఇంత ఓపికగా కాగితాలు పోగుచేసినవాళ్లు మన వైపు తక్కువ కాబట్టి ముందు మెచ్చుకుంటున్నాను, ఆ వెంటనే మొహమాటం లేకుండా తప్పు కూడా చెబుతున్నాను. మొదటి పేజీలో లాజిస్టిక్స్ ఒప్పందానికి, అంటే ఇరు సైన్యాలు ఇంధనం, మరమ్మతుల వంటి సేవలు ఇచ్చిపుచ్చుకునే దానికి, పార్లమెంటు ఆమోదముద్ర వేసిందని రాశావు. మూడో పేజీకి వచ్చేసరికి అదే ఒప్పందం మీద ప్రభుత్వం పార్లమెంటును తోసిరాజని సంతకం చేసిందన్నావు. రెండూ ఒకేసారి నిజం కాలేవన్నది అటుంచు, వాటిలో ఏ ఒక్కటీ నిజం కాదు.

విదేశీ వ్యవహారాలు, ఇతర దేశాలతో ఒప్పందాలు చేసుకోవడం, వాటిని అమలు చేయడం మన రాజ్యాంగంలో కేంద్ర జాబితా అంశాలు. వాటిపై కార్యనిర్వాహక అధికారం 73వ అధికరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వానిది. ఒప్పందాల అమలుకు కావలసిన చట్టాలు చేసే అధికారం 253వ అధికరణ ప్రకారం పార్లమెంటుది. సంతకానికి ముందు గానీ తర్వాత గానీ సభ అనుమతి తీసుకోవాలన్న నిబంధన ఎక్కడా లేదు. అమెరికాలో సంధి చెల్లుబాటు కావాలంటే సెనేట్‌లో హాజరైన సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో 2010 నాటి చట్టం ప్రకారం సంధిని ధ్రువీకరించే ముందు సభ కూడే 21 రోజుల పాటు పార్లమెంటు ముందుంచాలి. ఒప్పందాలు చేసుకునే పద్ధతిని క్రమబద్ధం చేస్తూ మన పార్లమెంటు కూడా ఒక చట్టం చేయాలని కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై జస్టిస్ పూంఛీ కమిషన్ 2010లో సిఫార్సు చేసింది గానీ ఆ చట్టం రాలేదు. అందువల్ల ఆమోదించిందన్న వాక్యాన్నీ, తోసిరాజన్నదన్న వాక్యాన్నీ రెండింటినీ కొట్టేయి. సభ ఆమోదం అడగనక్కర లేని ప్రభుత్వం చేత ఆ సభ జవాబు ఎలా చెప్పించగలదు, ఈ మూడు ఒప్పందాల విషయంలో చెప్పించిందా లేదా అన్నదే నీ వ్యాసానికి అసలు విషయం.

సభకు గట్టి పట్టు దొరికే చోట్లు కొన్నే ఉన్నాయి. భూభాగాన్ని వదులుకోవలసి వస్తే రాజ్యాంగ సవరణ తప్పదని 1960లో బెంగాల్ సరిహద్దులోని బేరుబారిలో కొంత భాగాన్ని పాకిస్తాన్‌కు ఇచ్చే వ్యవహారంలో సుప్రీంకోర్టు తేల్చింది. 1974లో ఇందిరాగాంధీ, ముజిబుర్ రెహమాన్ సంతకాలు చేసిన బంగ్లాదేశ్ భూసరిహద్దు ఒప్పందం 2015లో నూరవ రాజ్యాంగ సవరణ జరిగేదాకా పూర్తిగా అమలు కాకపోవడానికి అదొక కారణం. అన్నేళ్లు నానిన పని చివరికి ఉభయ సభల్లో ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా ముగిసింది. అదే 1974లో శ్రీలంకతో కచ్చతీవు దీవి ఒప్పందం కుదిరినప్పుడు ప్రభుత్వం దాన్ని భూభాగం ఇచ్చివేయడం కింద లెక్కించలేదు, వివాదంలో ఉన్న సరిహద్దును తేల్చుకోవడం కింద చూపింది. విదేశాంగ మంత్రి స్వరణ్ సింగ్ సభలో ప్రకటన చేశారు, సవరణ ఊసు రాలేదు. ఒకే ఏడాది, ఒకే ప్రభుత్వం, ఇద్దరు ఇరుగుపొరుగులు. వ్యవహారాన్ని ఏ కోవలో వేశారన్న దాన్ని బట్టి సభ పాత్ర అంతగా మారిపోయింది.

అమెరికాతో 2008 అణు ఒప్పందం గురించి నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు, అక్కడ ఇంకొంత ఆగాలి. వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకున్నాక జులై 22న లోక్‌సభలో ఓటింగు జరిగింది ప్రభుత్వం మీద విశ్వాసానికి. 275 ఓట్లు అనుకూలంగా, 256 వ్యతిరేకంగా వచ్చి ప్రభుత్వం నిలిచింది. ఒప్పంద పాఠం మీద మన సభ ఓటు వేయలేదు. అదే ఒప్పందాన్ని ఆ ఏడాది అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా ఆమోదించింది. మన సభకు నిజంగా పని తగిలింది 2010లో, అణు నష్టానికి పౌర బాధ్యత చట్టం వచ్చినప్పుడు. పరికరాలు సరఫరా చేసిన కంపెనీల నుంచి పరిహారం రాబట్టుకునే నిబంధన సభలోనూ స్థాయీ సంఘంలోనూ జరిగిన పెనుగులాట వల్లనే గట్టిపడింది. టీవీల్లో రోజంతా చూపించింది విశ్వాస పరీక్షనే అయినా, ఫలితం మిగిల్చిన పరిశీలన ఈ రెండోదే అని నా అభిప్రాయం.

ఇక నీ మూడు ఒప్పందాలకు వస్తాను. లాజిస్టిక్స్ ఒప్పందం లెమోవా మీద 2016 ఆగస్టు 29న, సైనిక సమాచార పరికరాలకు సంబంధించిన కామ్‌కాసా మీద 2018 సెప్టెంబరు 6న, పటాలూ ఉపగ్రహ సమాచారం పంచుకునే బెకా మీద 2020 అక్టోబరు 27న సంతకాలు జరిగాయి. ఈ తేదీలు నువ్వూ ఇచ్చావు. వాటి పక్కనే సభ కూడిన తేదీలు కూడా రాసి చూడు. 2016 వర్షాకాల సమావేశాలు ఆగస్టు 12న ముగిశాయి. సంతకం తర్వాత సభ మళ్లీ కూడింది నవంబరు 16న. అప్పటికి పెద్ద నోట్ల రద్దు జరిగి వారం దాటింది, ఆ సమావేశాలు ఆ రభసలోనే కొట్టుకుపోయాయి. 2018 వర్షాకాల సమావేశాలు ఆగస్టు 10న అయిపోతే శీతాకాల సమావేశాలు డిసెంబరు 11న గానీ మొదలు కాలేదు. 2020 సంగతి మరీ విచిత్రం. సెప్టెంబరు 14 నుంచి 23 వరకు జరిగిన సమావేశాల్లో కరోనా కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్నే ఎత్తేసి రాతపూర్వక జవాబులతో సరిపెట్టారు. బెకా సంతకం అయ్యాక రావలసిన శీతాకాల సమావేశాలు అసలు జరగనే లేదు. 2021 జనవరి 29న బడ్జెట్ సమావేశాలు మొదలయ్యేదాకా ఆ ఒప్పందం గురించి మంత్రిని సభలో నిలబెట్టి అడిగే అవకాశం ఏ సభ్యుడికీ లేకపోయింది.

అయితే దీన్ని కుట్ర కథగా రాయవద్దు. ఈ మధ్యకాలంలో సభ ఏడాదికి డెబ్బై రోజులు దాటి జరగడమే అరుదు, కాబట్టి ఏ సంతకమైనా సభ లేని రోజున పడే అవకాశమే ఎక్కువ. పాఠకుడికి నువ్వు ఇవ్వవలసింది ఆ ఖాళీ కాలం ఎంత, ఖాళీ ముగిశాక మొదట ఎవరు ఏం అడిగారు, ఏం జవాబు వచ్చింది అన్న వివరమే. ఉద్దేశాలు అంటగట్టే పని పాఠకుడికి వదిలెయ్యి, అతను చేయగలడు.

జవాబును ఎలా చదవాలో లెమోవానే తీసుకుని చూద్దాం. ఉమ్మడి కార్యకలాపాలు జరపాలన్న కట్టుబాటు ఏదీ ఈ ఒప్పందం వల్ల రాదని, స్థావరాల ఏర్పాటుకు ఇందులో చోటు లేదని ప్రభుత్వం అధికారికంగా చెప్పింది. తిండి, నీరు, బస, రవాణా, ఇంధనం, మందులూ వైద్యం, విడిభాగాలు, మరమ్మతులు, ఓడరేవు సేవలు వంటివి ఒకరికొకరు ఇచ్చుకుని ఖర్చు రాబట్టుకుంటారని వివరించింది. అనుమతి పొందిన ఓడల సందర్శనలు, ఉమ్మడి విన్యాసాలు, శిక్షణ, విపత్తు సహాయం, ఈ నాలుగింటికే ఇది వర్తిస్తుందని, తక్కిన సందర్భాల్లో ఇరువర్గాల అంగీకారంతో ఎప్పటికప్పుడు విడిగా నిర్ణయిస్తారని కూడా చెప్పింది. నీ వ్యాసం స్థావరాలు లేవన్న మాట దగ్గరే ఆగిపోయి, అది నిజమా అబద్ధమా అని రెండు పేజీలు వాదించింది. నేనైతే ఆ చివరి మాట దగ్గర ఆగేవాణ్ణి. తక్కిన సందర్భాలు అంటే ఏవి, ఇప్పటికి ఎన్ని వచ్చాయి, ఎవరి స్థాయిలో నిర్ణయించారు, బిల్లు ఏ పద్దు కింద రాశారు? ఇవి ఏ రహస్యాన్నీ బయటపెట్టకుండానే మంత్రి జవాబు చెప్పదగిన ప్రశ్నలు. వీటిని ఎవరైనా అడిగారేమో ఉభయ సభల ప్రశ్నల భాండాగారంలో వెతుకు. అడిగి ఉంటే ఆ జవాబు నీ వ్యాసానికి నడుం అవుతుంది, అడగకపోయి ఉంటే ఆ లోటే అవుతుంది.

కాట్టుపల్లి ప్రస్తావన మాత్రం తీసెయ్యి. పులికాట్ దాటగానే ఉన్న ఆ ఓడల కర్మాగారానికి 2022 ఆగస్టులో అమెరికా నౌకాదళపు ఓడ చార్లెస్ డ్రూ మరమ్మతుకు రావడం మనకు దగ్గరి ముచ్చటే, అలాంటి ఓడ మన దేశానికి మరమ్మతు కోసం రావడం అదే మొదటిసారి కూడా. కానీ అది ఎల్ అండ్ టీ కంపెనీకి అమెరికా నౌకాదళం ఇచ్చిన కాంట్రాక్టు. దాన్ని లెమోవా పుణ్యమని రాయడానికి నీ దగ్గర ఒక్క కాగితం లేదు. మన ఊరికి దగ్గరగా ఉందన్న ఒక్క కారణంతో ఏ సంగతినీ వ్యాసంలోకి లాగకూడదు.

సభ లోపలి యంత్రాంగం నీకు ఇంకా పూర్తిగా పట్టుబడలేదని అర్థమైంది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి నోటితో జవాబు చెబుతారు, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. లోక్‌సభలో అలాంటివి రోజుకు 20. గుర్తు లేనివి రోజుకు 230, వాటికి కాగితం మీద జవాబు వస్తుంది, అంతటితో సరి. నువ్వు ఉదహరించినవన్నీ రెండో రకం. రాత జవాబును శాఖ అధికారి నింపాదిగా చెక్కుతాడు. అనుబంధ ప్రశ్న వచ్చినప్పుడు మంత్రి అప్పటికప్పుడు మాట్లాడాలి, కొత్త సంగతి బయటపడేది అక్కడే. కాబట్టి జవాబుల పట్టిక ఒక్కటే చూసి ఊరుకోక, ఆ రోజు సభలో జరిగిన మాటల పూర్తి పాఠం తెప్పించుకో. సమాచారం సేకరించి సభ ముందుంచుతామని మంత్రి అన్నారంటే అది హామీ కింద నమోదవుతుంది, మూడు నెలల్లో నెరవేర్చాలి, దాన్ని వెంటాడడానికి ప్రభుత్వ హామీల సంఘం ఉంది. ఆ సంఘం నివేదికలు చదివే విలేకరులు చాలా తక్కువ. దేశ భద్రత దృష్ట్యా వివరాలు చెప్పలేమన్న జవాబు వస్తే దాన్నీ తేదీతో సహా రాసుకో. అదే వివరం కొన్నాళ్లకు మరో శాఖ జవాబులోనో, అవతలి దేశపు చట్టసభ పత్రాల్లోనో కనిపించడం కొత్తేమీ కాదు.

స్థాయీ సంఘాలు మరో తరహా. 1993లో మొదలైన ఈ శాఖల వారీ సంఘాల్లో ఒక్కోదానిలో 31 మంది, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి ఉంటారు. మంత్రులకు చోటు లేదు. కెమెరాలు లేవు కాబట్టి అరుపులూ తక్కువే, అధికారులు ఎదుట కూర్చుని సాక్ష్యం చెబుతారు. 2017లో భూటాన్ దగ్గర డోక్లాంలో మన సైన్యం, చైనా సైన్యం ఎదురెదురుగా నిలిచిన ప్రతిష్టంభన తర్వాత చైనా సంబంధాలపై శశి థరూర్ అధ్యక్షతన విదేశాంగ వ్యవహారాల సంఘం 2018లో ఇచ్చిన నివేదిక చదువు. ఆ సంఘంలో పాలక పక్షం వాళ్లే ఎక్కువ, అధ్యక్షుడు ప్రతిపక్షం. అయినా ఉమ్మడిగా ఒక పత్రం వచ్చింది. సంఘం సిఫార్సులు ప్రభుత్వాన్ని కట్టడి చేయవు, కానీ వాటి మీద ఏం చర్య తీసుకున్నారో ప్రభుత్వం రాతలో చెప్పాలి. ఆ చర్యా నివేదికలో ఏ సిఫార్సును ఒప్పుకున్నారు, దేన్ని పక్కన పెట్టారు అన్నది నీలాంటివాళ్లు జల్లెడ పట్టవలసిన చోటు.

పద్దుల మీద, అంటే ఒక్కో శాఖ ఖర్చుకు అడిగే డబ్బు మీద, చర్చ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంటుంది. 2018 మార్చి 14న లోక్‌సభ అన్ని శాఖల పద్దులనూ చర్చ లేకుండా గిలెటిన్ చేసింది, అంటే ఒకేసారి ఓటుకు పెట్టి ఆమోదించింది, 2023లోనూ అదే జరిగింది. 2018లో రక్షణ, విదేశాంగ పద్దులు అలా గడిచిపోతున్న రోజుల్లో మన రాష్ట్ర సభ్యులు ప్రత్యేక హోదా కోసం స్పీకరు ముందున్న వెల్‌లో నినాదాలిస్తున్నారు. వారి డిమాండు న్యాయమైనదే అని నేను ఇప్పటికీ అంటాను. అయినా ఆ గొడవలో ఏం చర్చకు రాకుండా పోయిందో కూడా రాయడం మన పని.

నీ వ్యాసంలో నెహ్రూ కాలాన్ని స్వర్ణయుగం చేశావు. 1959 నుంచి చైనాతో నడిచిన లేఖలను శ్వేతపత్రాలుగా సభకు ఇచ్చిన మాట నిజం, 1962లో యుద్ధం నడుస్తుండగానే నవంబరు 8న సభను ముందుగా పిలిచి చర్చించిన మాటా నిజం. కానీ ఆ యుద్ధంలో ఓటమి మీద సైన్యం జరిపిన విచారణ, హెండర్సన్ బ్రూక్స్ నివేదికను ఏ ప్రభుత్వమూ సభ ముందుంచలేదు. 1963లో రక్షణ మంత్రి చవాన్ చేసిన ప్రకటనతోనే సభ తృప్తి పడవలసి వచ్చింది. 1971 ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో కుదిరిన సంధిని అదే రోజు సభ ముందు పెట్టారు, అయితే సంతకం అప్పటికే అయిపోయింది. 2025లో ఆపరేషన్ సిందూర్ మీద ప్రత్యేక సమావేశం పెట్టమని మే నెలలోనే ప్రతిపక్షాలు కోరితే, చర్చ జులై చివరి వారంలో జరిగింది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ముందు చేయి, తర్వాత చెప్పు అన్నదే వరస. నీ విమర్శ ఒక్క ప్రభుత్వం మీదనే ఉంటే ఆ పార్టీ వ్యతిరేకులు తప్ప ఇంకెవరూ చదవరు.

మన అలగానిపాడు నుంచి వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభలో కమ్యూనిస్టు పక్ష నాయకుడు. ఆయన సైకిలు మీద పార్లమెంటుకు వెళ్లారన్నది ఇక్కడ అందరూ చెబుతారు, వెళ్లి అక్కడ ఏం మాట్లాడారో చదివినవాళ్లు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు. ఆ ప్రసంగాలు సభ రికార్డులో ఉన్నాయి. ప్రతిపక్షం ప్రశ్నను ఎలా కడుతుందో నేర్చుకోవడానికి అవి పనికొస్తాయి.

రొయ్యల పేరా ఉంచు, కాస్త కుదించు. 2025 ఆగస్టు 27న మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరిందని, అందులో సగం అప్పట్లో రష్యా చమురు కొంటున్నందుకు వేసిందని ఒక్క వాక్యంలో చెబితే, చెరువు గట్టు మీద ధర తెలుసుకున్న ప్రతి రైతుకూ విదేశాంగ విధానం సభలో చర్చకు రావలసిన విషయమే అని తెలిసిపోతుంది. మిగతా భావావేశం అక్కర్లేదు.

తిరగరాసి పంపేటప్పుడు ప్రతి జవాబు పక్కన ప్రశ్న సంఖ్య, సభ పేరు, తేదీ తప్పకుండా రాయి. లెమోవాలో ఆ తక్కిన సందర్భాల గురించి నీ వెతుకులాటలో ఏ ప్రశ్నా దొరక్కపోతే ఊరికే ఉండకు; దాన్ని ఒక్క పేజీలో, నాలుగు చిన్న భాగాలుగా, అభిప్రాయం జొప్పించకుండా రాసి మీ ఎంపీ కార్యాలయానికి ఇచ్చిరా. ప్రశ్నకు కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఉండాలి, శాఖకు వారంలో ఒకే రోజు వంతు వస్తుంది, కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించిన వెంటనే వెళ్లు.

శుభాశీస్సులతో,
మీ బాబాయి