బెర్లిన్‌లో శనివారం రాత్రి

నరసరావుపేట నుంచి మాస్టర్స్ చదవడానికి బెర్లిన్ వచ్చి నాలుగు నెలలైన ఒక అబ్బాయి ఇలా అడిగాడు: "అన్నగారూ, వారమంతా క్లాసులతో, పార్ట్‌టైమ్ పనితో గడిచిపోతోంది. శనివారం వస్తే గదిలో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఇక్కడి క్లబ్బుల గురించి అందరూ గొప్పగా చెబుతారు. వెళ్తే స్నేహితులు దొరుకుతారా? నాకు మందు అలవాటు లేదు."

మీరు రెండు సంగతులను ఒకే ముడి వేసి అడిగారు. రాత్రి ఎక్కడ గడపాలన్నది ఒకటి, ఒంటరితనం ఎలా పోతుందన్నది మరొకటి. నేను 2011లో ఈ ఊరు వచ్చినప్పుడు ఈ రెండూ ఒకటేననుకుని ఏడాది పాటు డబ్బూ నిద్రా పోగొట్టుకున్నాను కాబట్టి, వాటిని విడదీసే చెబుతాను.

ముందు క్లబ్బుల మాట. బెర్లిన్ రాత్రులకు చరిత్ర ఉంది. పశ్చిమ బెర్లిన్‌లో బార్లు ఇన్ని గంటలకు మూసెయ్యాలన్న నిబంధనను 1949లోనే ఎత్తేశారు. క్లబ్బుల్లో మోగే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతాన్ని టెక్నో అంటారు, ఇక్కడి ఆ టెక్నో సంస్కృతిని 2024 మార్చిలో జర్మనీ తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. కనుక ఇదేదో చెడిపోయినవాళ్ల వ్యవహారమని ఇంట్లోవాళ్లు అనుకుంటే వాళ్లకు ఈ మాట చెప్పవచ్చు, నమ్ముతారని మాత్రం నేను హామీ ఇవ్వను. మన ఊళ్లో సెకండ్ షో వదిలే వేళకు ఇక్కడి కుర్రకారు ఇంకా ఇంట్లో తయారవుతూ ఉంటారు. పెద్ద క్లబ్బుల్లో జనం చేరేది రాత్రి ఒంటిగంట దాటాకే, కొన్నిచోట్ల శనివారం మొదలైన ఆట సోమవారం తెల్లవారేదాకా ఆగదు.

అయితే డబ్బు చేతిలో ఉన్నంత మాత్రాన లోపలికి పంపరు. 2012 జనవరిలో మేం నలుగురం, అందరం మగవాళ్లమే, పెళ్లి రిసెప్షన్‌కు వెళ్లినట్టు ఇస్త్రీ చొక్కాలు, మెరిసే బూట్లు వేసుకుని, గడ్డకట్టే చలిలో గంటన్నర వరసలో నిలబడ్డాం. తలుపు దగ్గరి మనిషి మమ్మల్ని ఒక్కసారి పైనుంచి కిందికి చూసి "హోయ్‌టె నిష్ట్" అన్నాడు, అంటే ఇవాళ కుదరదని. కారణం చెప్పలేదు. మాసిన నల్ల టీషర్టుల్లో మా వెనక నిలబడ్డవాళ్లు మాత్రం లోపలికి వెళ్లారు. గుంపుగా, గోలగా, అప్పటికే తాగి వచ్చే మగవాళ్లను దాదాపు ఎక్కడా రానివ్వరు. ఇద్దరు ముగ్గురుగా, సాదా బట్టల్లో, నిదానంగా వెళ్లండి. వెనక్కి పంపితే వాదించకండి. కానీ ఒంటి రంగు చూసే ఆపారని స్పష్టంగా తేలితే అది వేరే సంగతి. 2006 నాటి సమాన వ్యవహార చట్టం దాన్ని నిషేధిస్తుంది, పరిహారం కోరాలంటే రెండు నెలల్లోపు అడగాలి.

లోపలికి వెళ్లే ముందు చాలాచోట్ల ఫోన్ కెమెరాలకు ముందూ వెనకా చిన్న స్టిక్కర్లు అంటిస్తారు, ఫొటోలు తీయకూడదన్నది అక్కడ గట్టి నియమం. మర్నాడు ఇంటికి వీడియో కాల్ చేస్తే అమ్మకు చీకటి తప్ప ఏమీ కనబడదు, ఆ స్టిక్కర్ ఊడదీయలేదని అప్పుడు గుర్తొస్తుంది. ఏదో ఒక అబద్ధం ముందే ఆలోచించి పెట్టుకోండి.

ఖర్చు కూడా లెక్క చూసుకోండి. ప్రవేశానికి ఇరవై యూరోలు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే, కోటు దాచినందుకు రెండు మూడు, లోపల మంచినీళ్ల సీసాకు కూడా డబ్బే. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు వచ్చే 992 యూరోల్లో అద్దె, ఇన్సూరెన్సు పోగా మిగిలేదెంతో మీకు తెలుసు. నెలకొకసారి చాలు.

మందు విషయంలో మీరు భయపడనక్కర్లేదు. మన కుర్రాళ్ల గదుల్లో "ఒక్క పెగ్గేరా" అని పట్టుపట్టినట్టు ఇక్కడ ఎవరూ పట్టుబట్టరు. ఆల్కహాల్ లేని బీరు ప్రతిచోటా దొరుకుతుంది, ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్‌ఫెల్‌షోర్లె అడిగితే ఎవరూ వింతగా చూడరు. "ప్రోస్ట్" అని గ్లాసు తాకించేటప్పుడు మాత్రం ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి, చూపు తిప్పుకుంటే అమర్యాదగా తీసుకుంటారు. గంజాయిని 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు 25 గ్రాముల దాకా దగ్గర ఉంచుకోవచ్చు. అంతమాత్రాన క్లబ్బు టాయిలెట్లలోనూ పార్కుల్లోనూ ఎవరో చేతిలో పెట్టే మాత్రలు, పొడులు చట్టబద్ధం కావు. సంచిలో మరిచిపోయిన ఒక్క పొట్లంతో హైదరాబాదులో విమానం దిగితే ఇక్కడి చట్టం అక్కడ అడ్డుపడదు.

ఆడపిల్లల విషయం కాస్త గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే వెంటపడితే చివరకు ఒప్పుకుంటుందని మన సినిమాలు తరతరాలకు నూరిపోశాయి. ఇక్కడ నవ్వుతూ మాట్లాడటం మర్యాద మాత్రమే, డాన్సు చేయడం డాన్సు మాత్రమే. 2016లో మారిన చట్టం ప్రకారం "వద్దు" అన్నాక ముందుకు వెళ్లడం నేరం, లైంగిక ఉద్దేశంతో తాకి వేధించడం కూడా నేరమే. వెంటాడటం 2007 నుంచి శిక్షాస్మృతిలో ఉంది. కేసు పడితే చదువే కాదు, రెసిడెన్స్ పర్మిట్ కూడా చిక్కులో పడుతుంది.

తిరిగి రావడం సులభం. శుక్ర, శనివారాల్లో మెట్రో రాత్రంతా నడుస్తుంది, తక్కిన రోజుల్లో రాత్రి బస్సులుంటాయి. పాస్‌పోర్టు ఇంట్లో వదిలి వెళ్లండి.

ఇక అసలు సంగతి. ఆ చీకట్లో, ఆ చప్పుడులో మీకు రాత్రి దొరుకుతుంది కానీ స్నేహితుడు దొరకడం అరుదు. ఇక్కడివాళ్లు పరిచయస్థుణ్ణి ఒక మాటతో, స్నేహితుణ్ణి మరో మాటతో పిలుస్తారు, మొదటి మాట నుంచి రెండోదానికి చేరడానికి ఒక్కోసారి ఏళ్లు పడతాయి. చెప్పాపెట్టకుండా ఇంటికి వెళ్లి "ఏం చేస్తున్నావురా" అనే చనువు వీళ్లకు లేదు, కాఫీకి కూడా రెండు వారాల ముందే రోజు ఖరారు చేసుకుంటారు. దీన్ని నేను చాలాకాలం పొగరనుకున్నాను. కానీ క్యాలెండర్‌లో రాసుకున్న రోజుకు వర్షమైనా మంచైనా వచ్చి తీరతారని తర్వాత తెలిసింది.

వీళ్ల స్నేహం ఒకే చోట, ఒకే రోజు, అవే ముఖాలను పదేపదే చూడటంలో పుడుతుంది. అందుకే ప్రతి పనికీ ఒక సంఘం ఉంటుంది, ఫుట్‌బాల్‌కు, చదరంగానికి, బృందగానానికి, కొండలెక్కడానికి. విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాలు విద్యార్థులకు సెమిస్టర్‌కు తక్కువ రుసుముతో కోర్సులు నడుపుతాయి. నేను మంగళవారం బ్యాడ్మింటన్‌లో చేరాను. మూడు నెలలు పేరు తప్ప ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగో నెలలో ఒకతను వచ్చే వారం తన పుట్టినరోజనీ, కేక్ తెస్తాననీ చెప్పాడు. నేను ఉత్సాహంగా అప్పుడే శుభాకాంక్షలు చెబితే అందరి ముఖాలూ మాడిపోయాయి. ముందుగా చెప్పడం అపశకునమట. పైగా ఇక్కడ పుట్టినరోజువాడే కేక్ తెచ్చి అందరికీ పెట్టాలి, మన హాస్టళ్లలోలా అర్ధరాత్రి లేపి ముఖానికి పూయడం ఉండదు. ఆ మంగళవారం ఆటయ్యాక బార్‌లో కూర్చున్నాం, ఇప్పటికీ మాలో ముగ్గురం కూర్చుంటూనే ఉన్నాం.

మనవాళ్ల సావాసం మానమని కాదు. ఉగాది పచ్చడి, బతుకమ్మ, ఆదివారం బిర్యానీ లేకపోతే ఇక్కడి చలికాలం గడవదు. ఆ బిర్యానీ రోజున పాటల శబ్దం పది గంటలకు తగ్గించండి, పదినుంచి ఉదయం ఆరుదాకా నిశ్శబ్ద వేళ. పార్టీ ఉంటే రెండ్రోజుల ముందే మెట్ల దగ్గర చీటీ అంటించి పక్కవాళ్లకు చెబితే పోలీసులదాకా వెళ్లే గొడవ చాలావరకు రాదు. అయితే ఇంట్లో ఉండే నలుగురూ తెలుగువాళ్లే అయితే జర్మన్ నాలుకకెక్కదు, భాష రాకపోతే ఆ మంగళవారం బల్ల దగ్గర అందరూ నవ్వాక మీరు నవ్వాల్సి వస్తుంది. వచ్చే సెమిస్టర్‌కు ఇల్లు మారే వీలుంటే ఒక్క జర్మనైనా ఉన్న చోట గది చూడండి.

క్రీడా కోర్సులకు నమోదు ఏ రోజు ఏ గంటకు తెరుస్తారో ఇప్పుడే చూసి ఫోన్‌లో అలారం పెట్టుకోండి. బ్యాడ్మింటన్ సీట్లు మన తత్కాల్ టికెట్లలా నిమిషాల్లో అయిపోతాయి.