రిటైరయ్యాక చదువుదామని దాచుకున్న పుస్తకాలు

ప్రశ్న: మాది హన్మకొండ. సర్కారు బడిలో టీచర్‌గా చేసి నిరుడు రిటైరయ్యాను. డీఏ ఎరియర్స్ పడ్డప్పుడల్లా, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కు పోయినప్పుడల్లా కొన్న పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. సగం తెరవనేలేదు. వచ్చే ఉగాదిలోపు అన్నీ చదివేస్తానని, అప్పటిదాకా కొత్తది కొననని ఒట్టు పెట్టుకున్నాను. ఇప్పటికి నాలుగంటే నాలుగే అయ్యాయి. పుస్తకం పట్టుకుంటే కునుకు వస్తుంది, లేదంటే ఎవరో ఒకరు పిలుస్తారు. మా ఆయన "దుకాణం పెట్టు" అని నవ్వుతారు. బాబు సామాన్లకు ఆ బీరువా కావాలని కోడలు అడుగుతోంది. "ఎట్లాగూ చదవరు కదా అత్తమ్మా" అన్నది. ఆ మాటకే రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఆ మాట అంత గుచ్చుకుందంటే అందులో కొంత నిజం ఉన్నట్టే. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పిలుపుల సంగతి.

మన ఇళ్లలో టీవీ ముందు కూర్చున్న మగమనిషిని ఎవరూ లేపరు. పుస్తకం పట్టుకున్న ఆడమనిషి మాత్రం ఖాళీగా ఉన్నట్టే లెక్క. కుక్కర్ విజిళ్లు ఆమే లెక్కపెట్టాలి, కొరియర్ వస్తే ఆమే లేవాలి, బాబును "జర చూడు" అంటే ఆమే చూడాలి. బడికి పోయినన్నాళ్లూ మీ టైమ్ మీదని అందరూ ఒప్పుకున్నారు. ఇప్పుడు అది అందరిదీ అయిపోయింది. ఇంట్లోనే ఉండి దీన్ని గెలవడం కష్టం. అందుకే పొద్దున డబ్బాలు కట్టడం అయ్యాక, చీర మార్చుకుని, సంచిలో పుస్తకం వేసుకుని బయటికి వెళ్లండి. మీ ఊళ్లోనే శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. నిజాం కాలంలో, 1904లో పెట్టిన గ్రంథాలయం అది. అది దూరమైతే దగ్గర్లోని సర్కారు లైబ్రరీ అయినా సరే. గ్రూప్స్‌కు చదివే పిల్లలు సొంత పుస్తకాలు తెచ్చుకుని లైబ్రరీల్లో గంటలు గంటలు కూర్చుంటారు. వాళ్ల పక్కన మీరూ కూర్చోండి. అక్కడ చాయ్ అడిగేవాళ్లుండరు.

కునుకు అన్నారు. దానికి మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు కళ్లు చూపించుకోండి. మీ వయసులో దగ్గరి చూపు మందగించడం మామూలే, శుక్లాలు కూడా మొదలై ఉండొచ్చు. పైగా పాత పుస్తకాల్లో అచ్చు చిన్నది, కాగితం పసుపెక్కి ఉంటుంది. వత్తులూ గుడులూ అలుక్కుపోతుంటే వాటిని కూడబలుక్కోవడంలోనే మనిషి అలసిపోతుంది. అద్దాల నంబర్ మారిస్తే సగం నిద్ర పోతుందని నా అనుమానం.

ఇక ఒట్టు. ముప్ఫై ఏళ్లకు పైగా మార్చిలోపు సిలబస్ పూర్తి చేయించిన చేయి మీది. రిటైరయ్యాక కూడా మీకు మీరే పోర్షన్ పెట్టుకున్నారు, తనిఖీకి వచ్చే డీఈఓ కూడా మీరే. ఆ టెన్షన్‌లో ఎంత మంచి నవలైనా గైడులాగే కనిపిస్తుంది. కొత్తవి కొననన్న మాట ఉంచుకోండి, అది మంచిదే. అన్నీ చదువుతానన్నది మాత్రం వదిలేయండి. యాభై పేజీలు చదివాక కూడా మనసు పట్టకపోతే మూసి పక్కన పెట్టేయండి. డబ్బు పెట్టి కొన్నాం కదా అంటారేమో, ఆ డబ్బు కొన్న రోజే పోయింది.

ఇప్పుడు కోడలి విషయం. ఆ బీరువా ఒక్కసారి పూర్తిగా దించండి. మీ బీఈడీ నోట్సు, డీఎస్సీ గైడులు, మీ అబ్బాయి ఎంసెట్ మెటీరియల్ ఎన్ని బయటపడతాయో చూడండి. టీచర్ల ఇళ్లలో అవి లేని బీరువా నేను చూడలేదు. వాటి విషయంలో ఆ అమ్మాయి అడిగింది న్యాయమే. పాత గైడులు, నోట్సు పాత పేపర్లవాళ్లకు వేయండి, మంచి కథల పుస్తకాలు రెండేసి ఉంటే మీరు పనిచేసిన బడికి ఇవ్వండి. తక్కినవి పొడిగుడ్డతో తుడిచి, ఇప్పుడే చదవాలనిపించేవి కళ్లెత్తున పెట్టుకోండి.

మీ ఆయన నవ్వుకు నవ్వుతో సరిపెట్టండి, అది పెద్ద విషయం కాదు. కోడలితో మాత్రం మనసులో పెట్టుకోకుండా మాట్లాడండి. "నువ్వన్న మాట నాకు బాధనిపించింది బిడ్డా, కానీ జాగా అడగడంలో తప్పు లేదు" అనండి. ఈ ఆదివారమే కింది రెండు అరలు ఖాళీ చేసి ఇవ్వండి. పై అరల జోలికి ఎవరూ రావొద్దని, పొద్దున రెండు గంటలు మీరు ఇంట్లో ఉండరని కూడా ఆ రోజే అందరి ముందూ చెప్పేయండి.